మొదటి వంద పుటలు దాటడం

పుస్తకాలంటే ఎంతో ఇష్టం ఉండి కూడా కొన్ని పుస్తకాల దగ్గర ఆగిపోయేవారు నాకు చాలామంది తెలుసు. వారిలో ఎక్కువమంది చెప్పే పేరు విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’. ఇంట్లో పెద్దవాళ్లు కొన్న ప్రతి ఉంటుంది, దాని గురించి విన్న గొప్ప మాటలు ఉంటాయి, ఈ సెలవుల్లో తప్పక చదవాలన్న నిశ్చయమూ ఉంటుంది. అయినా రెండు మూడు అధ్యాయాలు దాటేసరికి చదువు మందగించి పుస్తకం మళ్లీ అలమరలోకి వెళ్లిపోతుంది. కొందరికి ఇదే అనుభవం ‘చివరకు మిగిలేది’తో, మరికొందరికి ‘అంపశయ్య’తో, ఇంకాస్త సాహసించినవారికి పద్యకావ్యమైన ‘ఆముక్తమాల్యద’తో ఎదురవుతుంది. ఇలాంటివారికి సాధారణంగా దొరికే సలహా ఒక్కటే: కొంచెం ఓపిక పట్టండి, తర్వాత బాగుంటుంది. ఇది చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కానీ మొదటి భాగం ఎలాగో భరించవలసిన శ్రమ అనీ, అసలు పుస్తకం ఆ తర్వాతెక్కడో ఉందనీ ఈ సలహా ముందే ఒప్పేసుకుంటుంది. నా నమ్మకం వేరు. మంచి పుస్తకం నెమ్మదిగా మొదలైందంటే చాలాసార్లు దానికొక కారణం ఉంటుంది; తనను ఎలా చదవాలో ఆ పుస్తకం ఆ మొదటి పుటల్లోనే నేర్పుతూ ఉంటుంది. ఆ కారణాన్ని కనిపెట్టగలిగితే ఏ పుస్తకాన్ని ఏ వేగంతో, ఏ పద్ధతిలో చదవాలో తెలుస్తుంది.

ముందుగా మన అలవాటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు నవలా పాఠకులు కనీసం రెండు తరాలపాటు వారపత్రికల సీరియళ్లతో పెరిగారు. ప్రతి వారం కథ ఒక ముడి దగ్గర ఆగేది, కింద ‘సశేషం’ అని ఉండేది, ఆ ముడి ఎలా వీడుతుందో తెలుసుకోవడానికి వచ్చే వారం దాకా ఎదురుచూడవలసి వచ్చేది. ఆ సీరియళ్లను నేను చిన్నచూపు చూడను. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో ఆడవాళ్లను అవే పాఠకులుగా నిలబెట్టాయి. అయితే ఆ చదువు మనకు ఒక ప్రశ్నను బాగా అలవాటు చేసింది: ‘తర్వాత ఏమవుతుంది?’ నెమ్మదిగా మొదలయ్యే పుస్తకం దగ్గర ఈ ప్రశ్న పనిచేయదు, ఎందుకంటే అక్కడ చాలాసేపు ఏమీ ‘అవదు’. అక్కడ వేసుకోవలసిన ప్రశ్న ‘ఇక్కడ ఏముంది?’ అన్నది. ఎవరున్నారు, ఎక్కడున్నారు, వారి చుట్టూ ఏ చెట్లున్నాయి, ఏ నమ్మకాలున్నాయి, రచయిత ఏ వస్తువును రెండోసారి ప్రస్తావించాడు అన్నవి గమనించడం మొదలుపెడితే, కదలని కథలో కూడా చూడవలసినవి ఎన్నో కనిపిస్తాయి.

‘వేయిపడగలు’ దీనికి మంచి ఉదాహరణ. అది సుబ్బన్నపేట అనే ఊరి పుట్టుపూర్వోత్తరాలతో మొదలవుతుంది. సుబ్రహ్మణ్యేశ్వరుడి మహిమ, ఆ ఊరిని నిలబెట్టిన జమీందారీ వంశం, కోట, శివాలయం, వేణుగోపాలస్వామి ఆలయం, వేయి పడగల పాము కల, ఇవన్నీ వరుసగా వస్తాయి. ధర్మారావును నాయకుడిగా ఎంచుకొని అతని కోసం వెదుకుతూ చదివేవారికి ఈ భాగమంతా అడ్డంకిలా అనిపిస్తుంది. కానీ ఈ నవలలో నాయకస్థానం ఊరిది. ఆ ఊరిని ఒక ప్రాణిగా చూపి, దాని అవయవాలు ఒక్కొక్కటిగా ఎలా చచ్చుబడ్డాయో చెప్పడమే రచయిత సంకల్పం. ఊరు నిండుగా ఉన్న రోజును మనం మనసారా చూడకపోతే, తర్వాత అది ఒక్కొక్క పడగే కోల్పోతున్నప్పుడు మనకు ఏ నష్టమూ తెలియదు. పైగా ఈ ఎత్తుగడ మనకు కొత్తదేమీ కాదు. మన పురాణాలు నైమిశారణ్యంలో మునులు కూర్చున్న తీరుతో మొదలవుతాయి, మన ప్రబంధాలు పురవర్ణనతో మొదలవుతాయి, ప్రతి గుడికీ ఒక స్థలపురాణం ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ నవల అనే కొత్త ప్రక్రియలోకి ఆ పాత ఎత్తుగడను తెచ్చారు. గుడి మెట్ల మీద కూర్చున్న పెద్దాయన స్థలపురాణం చెబుతుంటే ‘అసలు విషయానికి రండి’ అని మనం అడగం. ఆ మొదటి అధ్యాయాలను అదే మనసుతో వినాలి.

వినాలి అన్న మాటను నేను ఊరికే వాడలేదు. 1934లో ఈ నవలను విశ్వనాథ తన చేత్తో రాయలేదు. తాను చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు, అదీ 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. 36 అధ్యాయాల అంత పెద్ద గ్రంథం నోటిమాటగా వచ్చిందన్న సంగతి చదివే పద్ధతిని నిర్ణయించడంలో చాలా ఉపయోగపడుతుంది. కంటితో వేగంగా పరుగెత్తినప్పుడు బరువుగా తోచే వాక్యాలు, పైకి చదివినప్పుడు ఊపిరికి సరిపడేలా విడిపోతాయి. మొదటి రెండు అధ్యాయాలను ఇంట్లో ఎవరో ఒకరికి వినిపించేటట్టుగా పైకి చదవండి. వినేవారు ఎవరూ లేకపోతే మీకు మీరే చదువుకోండి. రచయిత గొంతు ఒకసారి చెవికి పట్టిన తర్వాత మౌనంగా చదివినా ఆ గొంతు వినిపిస్తూనే ఉంటుంది. దానితోపాటు ఒక తెల్లకాగితం మీద ఊరి పటం గీసుకోమని కూడా చెబుతాను. కోట ఎక్కడ, గుళ్లు ఎక్కడ, ఎవరి ఇల్లు ఎవరి పక్కన అన్నది మీకు తోచినట్టు గుర్తుపెట్టుకోండి, పాత్ర వచ్చినప్పుడల్లా ఆ ఇంటి దగ్గర పేరు రాసుకోండి. పటం సరిగ్గా ఉండనవసరం లేదు. గీసే చేతికి ఊరు తెలుస్తుంది, అది చాలు.

ఈ నవలతో వచ్చే అసలైన చిక్కు మరొకటుంది, దాన్ని దాటవేసి సలహా ఇవ్వడం నిజాయితీ కాదు. వర్ణవ్యవస్థతో, జమీందారీతో, దేవదాసీ ఆచారంతో కూడిన పాత సమాజాన్ని ఈ పుస్తకం ఒక సమగ్రమైన ధర్మంగా నిలబెట్టి, అది కూలిపోవడాన్ని దుఃఖంగా చెబుతుంది. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. నాలాంటి పాఠకులు చాలామంది ఉంటారు, వారిలో కొందరు పుస్తకాన్ని మూసేది నెమ్మదితనం వల్ల కాదు, ఈ విభేదం వల్ల. తాము ‘బోరు కొట్టింది’ అని చెప్పుకున్నా, లోపల జరిగింది కోపం. ఈ రెండింటినీ వేరు చేసుకోవడం అవసరం, ఎందుకంటే కోపానికి మందు వేరే ఉంది. పెన్సిలు పట్టుకొని చదవాలి. ఎక్కడ ఒప్పుకోలేకపోయామో ఆ పుట అంచున అక్కడే ఎందుకో రాయాలి. అలా రాస్తూ పోతే పుస్తకంతో వాదం నడుస్తుంది, వాదం నడుస్తున్నప్పుడు ఎవరికీ నిద్ర రాదు. అన్నిటికంటే మేలైన మార్గం, దీనితోపాటు ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని పక్కన పెట్టుకొని చదవడం. అది 1922లో వెలువడింది, జైల్లో ఉన్నప్పుడు రాసింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. నందమూరులో పుట్టిన విశ్వనాథ, గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ, ఇద్దరూ కృష్ణకు అటూ ఇటూ ఉన్న పల్లెలను ఎరిగినవారే. రెండు పుస్తకాల నడుమ పన్నెండేళ్ల తేడా మాత్రమే ఉంది. ఒకరు కోటవైపు నుంచి చూసిన ఊరిని మరొకరు మాలపల్లివైపు నుంచి చూశారు. రామదాసు కుటుంబం పడ్డ పాట్లు తెలిసిన పాఠకుడు సుబ్బన్నపేట వైభవాన్ని వేరే కళ్లతో చదువుతాడు. సుబ్బన్నపేటను చదివినవాడికి ఊరంటే పొలమూ కూలీ మాత్రమే కాదని, దేవుళ్లూ కలలూ కూడా అని తెలుస్తుంది. ఒక్కొక్కదాన్ని విడిగా చదివినప్పటికంటే రెండూ కలిపి చదివినప్పుడు రెండూ త్వరగా సాగుతాయని నా అనుభవం.

‘మాలపల్లి’ కూడా నిదానమైన పుస్తకమే. మధ్యలో పాటలు వస్తాయి, తత్త్వచర్చలు వస్తాయి, సభల్లో మాట్లాడినట్టు పాత్రలు పుటల తరబడి మాట్లాడతాయి. ఆ చర్చలు ఆ రోజుల్లో మనుషుల ప్రాణాలమీదికి వచ్చిన విషయాల మీద జరిగినవని గుర్తుంచుకుంటే వాటిలో వేడి తెలుస్తుంది. అయినా ఎక్కడైనా మరీ కష్టమనిపిస్తే ఆ చర్చకు ఒక గుర్తు పెట్టుకొని ముందుకు సాగవచ్చు. కథ పూర్తయ్యాక వెనక్కి వచ్చి చదివితే అదే చర్చ ఎందుకు అంత పొడుగుందో అర్థమవుతుంది. పుటలు దాటవేయడం పాపమని చిన్నప్పుడు ఎవరో మనకు నేర్పారు. గుర్తు పెట్టుకొని దాటినంతకాలం అందులో తప్పు లేదు.

ఇక మనసు లోపల నడిచే పుస్తకాల సంగతి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో సంఘటనలు తక్కువేమీ కాదు, కానీ అవన్నీ దయానిధి అనే మనిషి మనసులోంచి వడకట్టుకొని మన దగ్గరకు వస్తాయి. తల్లి మీద లోకం వేసిన మచ్చ అతని మీద నీడలా పడి ఉంటుంది. కోమలి, అమృతం, ఇందిర, కాత్యాయని, ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా అతను తనను తాను మళ్లీ మొదటినుంచి ప్రశ్నించుకుంటాడు. ఈ నవల 1946, 47 సంవత్సరాల్లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికంగా వచ్చింది. దాన్ని మొదట చదివినవారు ఒక భాగం చదివి, మళ్లీ పత్రిక వచ్చేదాకా దయానిధిని మనసులో మోస్తూ తిరిగారు. ఈ పుస్తకానికి ఆ విరామం అవసరమని నాకు అనిపిస్తుంది. ఒకే రోజు వంద పుటలు చదివితే ఆలోచనల మీద ఆలోచనలు పడి ఒక దాన్ని మరొకటి తుడిచేస్తాయి. ఒక అధ్యాయం చదివి రెండు రోజులు ఆగితే, ఆఫీసుకు వెళ్తున్నప్పుడో బట్టలు ఆరవేస్తున్నప్పుడో ఏదో ఒక వాక్యం తనంతట తాను తిరిగి వస్తుంది. ఉత్కంఠ సీరియల్ చదివే పద్ధతినే ఉత్కంఠ లేని పుస్తకానికి వాడుకోవడం అన్నమాట. ఇక్కడ ఆ విరామం ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఆత్రుతతో నిండదు, ‘నేనైతే ఏం చేసేవాణ్ణి’ అన్న ఆలోచనతో నిండుతుంది.

‘అంపశయ్య’కు ఇదే సలహా ఇస్తే మాత్రం ఆ పుస్తకం పాడైపోతుంది. 1969లో వెలువడిన ఆ నవల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజును చెబుతుంది. చైతన్యస్రవంతి పద్ధతిలో రాసినది కాబట్టి గతం, వర్తమానం, కోరిక, భయం, సిగ్గు, అన్నీ ఏ హెచ్చరికా లేకుండా కలిసిపోయి వస్తాయి. కలలోంచి, సగం మెలకువలోంచి మొదలయ్యే ఆ ఆరంభంలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎప్పటి సంగతి చెబుతున్నారో తెలియక చాలామంది కంగారు పడతారు. దీన్ని రోజుకు పది పుటల చొప్పున చదివితే ప్రతిసారీ ఆ కంగారు మొదటికి వస్తుంది. కథ ఒక్క రోజుది కాబట్టి మనం కూడా ఒక సెలవు రోజును దానికి ఇచ్చివేయాలి. పొద్దున్న మొదలుపెట్టి, ఎక్కడైనా తెగిపోయినట్టు అనిపిస్తే వెనక్కి తిరగకుండా ముందుకే వెళ్లాలి. రచయిత వదిలిన తీగ కొన్ని పుటల తర్వాత మళ్లీ దొరుకుతుంది. రవి ఆలోచన ఒక జ్ఞాపకం నుంచి మరొక జ్ఞాపకానికి ఎందుకు దూకిందో మొదట అర్థం కాకపోయినా ఫరవాలేదు. మన ఆలోచనలు కూడా మనకు చెప్పి దూకవు కదా. సాయంత్రానికి ఆ కుర్రాడి దారిద్ర్యమూ, అతని అభిమానమూ, అతని ఊహల్లోని కసీ మన ఒంట్లోకి ఎక్కి ఉంటాయి. నవీన్ అన్న రచయిత ఈ నవల తర్వాత ‘అంపశయ్య’ నవీన్‌గానే తెలుగువారికి మిగిలిపోయారంటే, ఆ ఒక్క రోజు పాఠకుల మీద ఎంత గట్టిగా పనిచేసిందో ఊహించవచ్చు.

అంటే నెమ్మదైన పుస్తకాలన్నీ నెమ్మదిగానే చదవాలన్న నియమం లేదు. పుస్తకంలో కాలం ఎలా నడుస్తోందో చూసి మన వేగాన్ని నిర్ణయించుకోవాలి. తరాల కథకు తీరికైన వారాలు కావాలి, ఒక మనిషి ఆత్మశోధనకు నడుమ నడుమ విరామాలు కావాలి, ఒక్క రోజు కథకు ఒక్క రోజే కావాలి. చాలామంది పుస్తకాన్ని వదిలేయడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు, ఓపిక చాలకపోవడం కూడా కాదు. ఒక పుస్తకానికి తగిన వేగంతో మరొక పుస్తకాన్ని చదవబోవడం.

అచ్చు పుస్తకాల విషయంలో నేను గట్టిగా చెప్పే ఒక మాట ఉంది: ముందుమాటలను చివర చదవండి. తెలుగు పుస్తకాల్లో మున్నుడి, తొలిపలుకు, పీఠిక, ప్రకాశకుల మాట అంటూ అసలు పుస్తకానికి ముందు ఎంతో సామగ్రి ఉంటుంది. వాటిలో గొప్పవి ఉన్నాయి, సందేహం లేదు. కానీ అవి ఇదివరకే పుస్తకం చదివినవారి కోసం రాసినవి. కథంతా అందులోనే చెప్పేస్తారు, ఏ పాత్రను ఎలా అర్థం చేసుకోవాలో తీర్పు ఇచ్చేస్తారు, రచయిత మహత్త్వాన్ని ఎంతగా కొనియాడతారంటే పాపం పాఠకుడు మొదటి పుట దగ్గరికి వచ్చేసరికే తనకు అర్హత లేదేమో అనుకుంటాడు. ‘చాలా లోతైన రచన’ అని నలుగురు పెద్దలు చెప్పిన తర్వాత ఒక మామూలు వాక్యాన్ని మామూలుగా చదువుకునే స్వేచ్ఛ పోతుంది. నేరుగా మొదటి అధ్యాయానికి వెళ్లండి. పుస్తకం అయిపోయాక పీఠిక చదివితే, అప్పటికి మీకూ ఒక అభిప్రాయం ఉంటుంది కాబట్టి, ఇద్దరు సమానులు మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

మాండలికం వల్ల ఆగిపోయేవారికి చెప్పవలసింది తక్కువే. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లోని చిత్తూరు పల్లె మాట శ్రీకాకుళం పాఠకుడికి మొదట కొరుకుడు పడకపోవచ్చు; దాశరథి రంగాచార్య ‘చిల్లరదేవుళ్లు’లోని తెలంగాణ సంభాషణ కోస్తా పాఠకుడికి తడబాటు కలిగించవచ్చు. అది కంటికి కొత్తే కానీ చెవికి అంత కొత్త కాదు. పైకి చదివితే మొదటి పుటల్లోనే ఆ కొత్తదనం పోతుంది, ఆ తర్వాత ఆ మాటే పుస్తకంలోని సగం అందమని తెలుస్తుంది. రష్యన్ నవలల అనువాదాల్లో పేర్లు మరో చిక్కు. అక్కడ ఒకే అమ్మాయిని నతాషా అనీ, తండ్రి పేరు చేర్చి నతాల్యా ఇల్యినిచ్నా అనీ, ఇంటిపేరుతో రోస్తోవా అనీ సందర్భాన్ని బట్టి పిలుస్తారు. ఎవరు ఎవరిని ఏ పేరుతో పిలిచారో ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే ఆ బాధ తీరిపోతుంది. ఎంత దగ్గరివారు ఏ పేరు వాడతారో తెలియడం వల్ల ఆ మనుషుల బంధాలు కూడా బోధపడతాయి. మన ఇళ్లలోనూ బడి పేరు ఒకటి, ముద్దు పేరు ఒకటి ఉంటాయి కాబట్టి ఇది మనకు పెద్ద కష్టం కాదు.

అన్ని పుస్తకాలనూ చివరిదాకా చదివి తీరాలని నేను అనను. నెమ్మదిగా మొదలై నెమ్మదిగానే మిగిలిపోయి ఏమీ ఇవ్వని పుస్తకాలు కూడా ఉన్నాయి, పేరున్న రచయితలవే ఉన్నాయి. అలాంటిదాన్ని గుర్తుపట్టడానికి నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. చదవడం ఆపిన మరునాడు, పుస్తకం తెరవకుండా, నిన్న చదివినదాంట్లో ఏం గుర్తుందో తలచుకుంటాను. ఒక ముఖమో, ఒక గదిలోని వెలుతురో, ఎవరో అన్న ఒక మాటో, చివరికి ఒక చిరాకో అయినా సరే, ఏదో ఒకటి మిగిలి ఉంటే ఆ పుస్తకం నాతో ఏదో చేస్తోందన్నమాట, కొనసాగిస్తాను. కొన్ని రోజులపాటు అలా తలచుకున్నా ఏమీ మిగలకపోతే ఆపేస్తాను, ఇప్పటికి మాత్రమే ఆపేస్తాను. వయసు పుస్తకాలను మారుస్తుంది. ఇరవై ఏళ్లప్పుడు దయానిధి నాకు అతిగా ఆలోచించే మనిషిగా కనిపించాడు, పెళ్లీ పిల్లలూ వచ్చాక చదివినప్పుడు అతని భయాలన్నీ నాకు తెలిసినవారి భయాలుగా కనిపించాయి. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు.

తోడు చదవడం గురించి కూడా చెప్పాలి. ఒకే పుస్తకాన్ని ఇద్దరు స్నేహితులు ఒకే సమయంలో మొదలుపెట్టి, వారానికొకసారి ఫోనులో మాట్లాడుకుంటే ఎంత కఠినమైన పుస్తకమైనా సాగుతుంది. ఇందులో మాట ఇచ్చామన్న మొహమాటం కొంత ఉంది, కానీ అంతకంటే ముఖ్యమైనది, ఇద్దరికీ వేర్వేరు చోట్ల అర్థం కాకపోవడం. మీరు విసిగిపోయిన అధ్యాయమే మీ స్నేహితురాలికి నచ్చి ఉంటుంది, ఆవిడ ఎందుకు నచ్చిందో చెబుతుంటే మీరు చూడనిది కనిపిస్తుంది. ఒకప్పుడు పల్లెల్లో భారతం చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు మరొకరు, వినేవారు పదిమంది ఉండేవారు. కఠినమైన గ్రంథాన్ని ఒంటరిగా, మౌనంగా, ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలన్న నియమం మన సంప్రదాయంలో ఎప్పుడూ లేదు.

ఆ సంగతి అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది పద్యకావ్యాల దగ్గర. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ను ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ప్రబంధాల్లో దానికున్నంత కఠినమన్న పేరు మరొకదానికి లేదు. దీర్ఘసమాసాలు, అరుదైన తెలుగు మాటలు, ఒక్కొక్క పద్యంలో నాలుగైదు చోట్ల ఆగి ఆలోచించవలసిన ఊహలు ఉంటాయి. దానికి తోడు, ఆరు ఆశ్వాసాల (అధ్యాయాల) ఈ కావ్యానికి పేరు ఇచ్చిన గోదాదేవి మనకు కనిపించేది ఐదో ఆశ్వాసంలో. అప్పటిదాకా విల్లిపుత్తూరు వర్ణన, గోదను పెంచిన తండ్రి విష్ణుచిత్తుడి కథ, దానిలో ఖాండిక్య కేశిధ్వజుల కథ, యామునాచార్యుల కథ, రాజనీతి, ఋతువర్ణనలు నడుస్తాయి. మొదటి పద్యం దగ్గర మొదలుపెట్టి వరుసగా నడిచే పద్ధతి ఈ కావ్యానికి కొత్త పాఠకుణ్ణి దూరం చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

లోపలికి వెళ్లడానికి నేను సూచించే మొదటి తలుపు, విష్ణుచిత్తుడి ఇంటి అతిథి సత్కారాన్ని చెప్పే మూడు పద్యాలు. ఎడతెగని వానల్లో కట్టెలు తడిసి పొగ వస్తుందని, ఆ పొగ భార్య కళ్లకు తగలకుండా కొబ్బరి చిప్పలు మండించి వండిస్తాడు. మేలైన వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నిండా నెయ్యి వడ్డిస్తాడు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పల్చని మజ్జిగ, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్లు, ఊరగాయలు ఉంటాయి. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి తగిలిన వేడి కూరలు, ఆవఘాటుతో ముక్కుకెక్కే పచ్చళ్లు, పాయసం, కాగిన నెయ్యి. ఐదు వందల ఏళ్ల కిందట ఒక చక్రవర్తి ఇంత శ్రద్ధగా ఒక వంటింటిని చూశాడని తెలిసిన పాఠకుడికి ఆ కవి మీద నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం ఉంటే కఠినమైన సమాసం దగ్గర ఆగినా, లోపల ఏదో చూడదగినది ఉందని తెలిసే ఆగుతాడు.

ఒక్కొక్క పద్యాన్ని ముందు అర్థం గురించి ఆలోచించకుండా రెండు మూడుసార్లు పైకి చదవాలి. ఛందస్సు నోటికి పట్టాక ఎక్కడ విరవాలో నాలుకే చెబుతుంది. ఆ తర్వాత తాత్పర్యం చూడాలి, చివర మళ్లీ పద్యం చదవాలి. వేదం వేంకటరాయశాస్త్రి సంజీవనీ వ్యాఖ్య పండితులకు కొండంత అండ, కానీ కొత్తవారు మొదట సరళమైన తాత్పర్యంతో ఉన్న ప్రతి తీసుకోవడం మంచిది. ఏ మాట దగ్గరైనా ఆగిపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో వెదికితే శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువు వంటి ఎన్నో నిఘంటువుల అర్థాలు ఒకేచోట దొరుకుతాయి. మన తాతల తరానికి లేని సౌకర్యం ఇది. అయితే మొదటిసారి చదువుతూనే ప్రతి మాటకూ వెదకడం మొదలుపెట్టవద్దు. పద్యం మొత్తం చూపించే బొమ్మ ముందు కనిపించాలి.

ఆ మూడు పద్యాల తర్వాత నేరుగా ఆరో ఆశ్వాసంలోని మాలదాసరి కథకు వెళ్లండి. అది తనంతట తాను నిలిచే కథ, వేగంగా నడిచే కథ. ఊరికి దూరంగా బతికే ఒక దాసరి తెల్లవారుజామున స్వామిని కీర్తించడానికి వెళ్తూ దారి తప్పి బ్రహ్మరాక్షసుడి చేతిలో పడతాడు. పాడి తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్తాడు, అన్నట్టే తిరిగి వస్తాడు. ‘మాలపల్లి’నీ ‘వేయిపడగలు’నూ చదివినవారికి ఈ కథ మరింత ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే అంటరానివాడి సత్యసంధత ముందు బ్రాహ్మణజన్మ నుంచి రాక్షసుడైనవాడు తలవంచే దృశ్యాన్ని ఇక్కడ సింహాసనం మీద కూర్చున్న రాజు రాశాడు. అది అయ్యాక ఐదో ఆశ్వాసానికి వచ్చి గోదను చూడండి. తర్వాత వర్షాకాల వర్ణనను, వీలైతే నిజంగా వాన పడుతున్న రోజుల్లో, రోజుకు నాలుగు పద్యాల చొప్పున చదవండి. ఇవన్నీ అయిన తర్వాత మొదటి ఆశ్వాసం మొదటి పద్యం తెరిస్తే, ఆ ఊరూ ఆ మనుషులూ అప్పటికే మీకు తెలిసినవారై ఉంటారు కాబట్టి, విల్లిపుత్తూరు వర్ణన ఎంత పొడుగున్నా ఇంకాస్త ఉంటే బాగుండునని అనిపిస్తుంది.